చుక్క కింద పడకుండా పికప్ ఆయిల్ మార్చడం

(విజయవాడ ఆటోనగర్‌లో పికప్ బళ్ల యజమానులు, డ్రైవర్ల సభలో ఒక సీనియర్ మెకానిక్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం కిరాయిలు వదులుకుని వచ్చారు, సంతోషం. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ వాళ్లు ఉన్నారు, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలేవాళ్లు ఉన్నారు, నూజివీడు మామిడి సీజన్లో నిద్ర లేకుండా తిరిగే కుర్రాళ్లు ఉన్నారు. ఈ ముందు వరుసలో సొంతంగా బండి కొని డ్రైవర్‌ను పెట్టుకున్న ఇద్దరు అమ్మలు కూడా ఉన్నారు. మీ అందరికీ పనికొచ్చే ఒక్క పని గురించే ఈ రోజు చెబుతాను. డీజిల్ పికప్‌లో ఇంజన్ ఆయిల్ మార్చడం, అదీ నేల మీద మరక పడకుండా మార్చడం.

ఆయిల్ పని అంటేనే మురికి పని, మరక లేకుండా ఎలా అవుతుందండీ అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. శుభ్రంగా మార్చడం షోకు కోసం కాదు. దానికి అసలు కారణం బండి కిందే ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ చుట్టూ పాత జిడ్డు, దాని మీద దుమ్ము, దాని మీద మళ్లీ జిడ్డు పేరుకుపోయి ఉంటే కొత్తగా లీకేజీ మొదలైతే మీకు ఎలా కనపడుతుంది? ట్యాపెట్ కవర్ నుంచి కారుతోందా, టర్బో రిటర్న్ పైపు దగ్గరా, ఫిల్టర్ దగ్గరా అనేది తెలియదు. కారుతున్న సంగతి తెలియకపోతే లెవెల్ తగ్గిన సంగతీ తెలియదు. లెవెల్ బాగా తగ్గితే ముందు దెబ్బ తినేవాటిలో ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఒకటి. దాని షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు పైనే తిరుగుతుంది, అదీ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర కొన్ని సెకన్లు లేకపోయినా షాఫ్టు అరిగిపోతుంది. కింద భాగం తుడిచినట్టు ఉన్న బండికి చుక్క కారిన రోజే మీ కంట పడుతుంది, అప్పటికి ఖర్చు రబ్బరు రింగుతో పోతుంది.

రెండో కారణం రోడ్డు. మన వీధిలో సిమెంటు రోడ్డు మీద పడిన ఆయిల్ ఎండలో ఎవరికీ కనపడదు. తొలకరి జల్లు పడగానే నీళ్ల మీదికి తేలుతుంది, స్కూలుకు పిల్లల్ని ఎక్కించుకుని పోయే స్కూటీ జారుతుంది. మూడో కారణం మన కాలవలు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలైన ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మూడూ ఊరి మధ్య నుంచే పోతాయి. సైడు కాలవలో మనం వంపింది వానొస్తే అటే పోతుంది. కింద ఊళ్లలో ఆ నీళ్లతోనే చెరువులు నింపుకుని తాగుతారు. ఒక్కసారి మార్చిన పాత ఆయిల్ 10 లక్షల గాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. మన లెక్కలో అది దాదాపు 38 లక్షల లీటర్లు. డీజిల్ బండిలో ఒక్కసారికి దిగేది కూడా తక్కువేం కాదు. రెండున్నర లీటర్ల తరగతి ఇంజన్లలో సాధారణంగా ఐదు నుంచి ఏడు లీటర్ల ఆయిల్ ఉంటుంది. మీ బండికి సరిగ్గా ఎంతో మాన్యువల్లో ఉంటుంది. మాన్యువల్ డాష్‌బోర్డు అరలో ఆర్‌సీ జిరాక్సుల కింద పడి ఉంటుంది, తీసి చూడండి.

ఇక పనిలోకి వద్దాం. నట్టు మీద పానా పెట్టక ముందే సగం పని అయిపోవాలి. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, ఆయిల్ దింపే డ్రెయిన్ నట్టుకు కొత్త వాషర్ మూడూ చేతిలో ఉన్నాయా? ఫిల్టర్ ఆ మోడల్‌దేనా, పాతదాని పక్కన పెట్టి చూశారా? ఆయిల్ అంతా దింపేశాక ఫిల్టర్ సరిపోలేదని తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది, మీరు ఇంకో బండి ఎక్కి షాపుకు పోవాలి. ఆ టెన్షన్‌లోనే ట్రే తన్నేస్తారు.

ఆయిల్ గ్రేడు గురించి ఒక్క మాట. మన పాత డీజిళ్లకు 15డబ్ల్యూ-40 అనే చిక్కదనం గ్రేడు అలవాటు, బాగానే నడిచింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చినవి పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 నిబంధనల బళ్లు. వాటిలో చాలావాటికి సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే పొగ మసి వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. మామూలు ఆయిల్ కాలితే మిగిలే బూడిద అందులో పేరుకుపోతుంది. మసిని అది తనంతట తాను కాల్చేసుకోగలదు, బూడిదను కాల్చలేదు. అందుకని ఆ బళ్లకు బూడిద తక్కువగా వచ్చే ఆయిలే పోయాలి. సీకే-4 లాంటి గ్రేడు గుర్తు మీ కంపెనీ మాన్యువల్లో ఏది రాసి ఉందో, డబ్బా మీద అదే ఉందో లేదో చూసుకుని కొనండి. షాపువాడు ఇది కూడా అలాంటిదే అన్నాడని తెచ్చుకోవద్దు.

కింద పరవడానికి పాత ఫ్లెక్సీ కంటే మంచిది లేదు. మన ఊళ్లో వాటికి కరువు లేదు. బండి ముందు భాగం కిందికి పూర్తిగా వచ్చేంతది తీసుకోండి, నున్నటి వైపు పైకి ఉండాలి. నాలుగు అంచుల కింద పాత పీవీసీ పైపు ముక్కలు పెట్టి కొంచెం లేపితే చుట్టూ గట్టు వస్తుంది, ట్రే ఒలికినా బయటికి పోదు. దాని మీద విప్పిన అట్టపెట్టెలు పరవండి. చిన్న చుక్కల్ని అట్ట పీల్చేస్తుంది, మీ వీపుకూ మెత్తగా ఉంటుంది. పక్కన ఒక బస్తాలో రంపపు పొట్టు ఉంచండి, టింబర్ డిపోలో అడిగితే ఇస్తారు. ఒలికిన ఆయిల్ మీద నీళ్లు కొట్టొద్దు, అది ఇంకా పాకుతుంది. పొట్టు చల్లి, కాసేపు ఆగి, చీపురుతో ఎత్తి సంచిలో వేయండి.

ట్రే సంగతి. 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌ను పడుకోబెట్టి పైన ఉన్న పక్కను కోసేస్తే మంచి ట్రే అవుతుంది. దాని మూతి అలాగే ఉంచండి, తర్వాత పాత ఆయిల్ వంపడానికి అదే కొమ్ము. చిన్న ట్రే మాత్రం పెట్టొద్దు. ఏడు లీటర్లు దిగే బండి కింద ఐదు లీటర్ల డబ్బా కోసి పెట్టినవాళ్లు సగంలో నట్టు మళ్లీ బిగించాలని చూస్తారు. వేడి ధారలో వేళ్లు పెట్టి బిగించడం ఎవరి వల్లా కాదు.

బండిని సమంగా ఉన్న నేల మీద ఆపండి. మన పికప్‌లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి జాకీ లేకుండానే కిందికి దూరొచ్చు, అదొక అదృష్టం. ఎత్తాల్సి వస్తే ర్యాంపుల మీదికి ఎక్కించండి, లేదా స్టాండ్లు పెట్టండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరొద్దు. ఈ మాటలో సర్దుబాటు లేదు. హ్యాండ్ బ్రేక్ లాగండి, గేరులో ఉంచండి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి, తాళం చెవి మీ జేబులో వేసుకోండి. బాడీలో లోడు ఉంటే ముందు దింపేయండి.

ఆయిల్ వెచ్చగా ఉండగా దింపాలి. ఎందుకంటే డీజిల్ ఇంజన్లో పుట్టే మసి అంతా ఆయిల్లో కలిసి తిరుగుతుంటుంది. బండి రాత్రంతా ఆగితే ఆ మురికిలో కొంత ఛాంబర్ అడుగుకు దిగుతుంది. పప్పుచారు గరిటెతో కలిపి వడ్డిస్తేనే అడుగున ఉన్న పప్పు కూడా వస్తుంది కదా, ఇదీ అంతే. ఐదు పది నిమిషాలు నడిపి, ఆపి, మళ్లీ ఓ పది నిమిషాలు వదిలేయండి. అప్పుడే విజయవాడ నుంచి గుంటూరు పోయి వచ్చిన బండి అయితే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. ఆయిల్ 90 డిగ్రీలు దాటి ఉంటుంది, టర్బో, సైలెన్సర్ పైపులు అంతకంటే చాలా వేడి. ఛాంబర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు.

ఇప్పుడు నట్టు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వినండి, మురికి అంతా మొదలయ్యేది ఇక్కడే.

ముందు పైన ఆయిల్ మూత తీసి వదులుగా పెట్టండి, గాలి ఆడితే ధార సాఫీగా వస్తుంది. కింద కొన్ని బళ్లకు రేకు గార్డు ఉంటుంది. అది విప్పకుండా దింపితే ఆయిల్ రేకు మీద పరుచుకుని నాలుగు వైపుల నుంచి కారుతుంది, రెండు రోజులు కారుతూనే ఉంటుంది. కాబట్టి రేకు విప్పేయండి. డ్రెయిన్ నట్టు చుట్టూ బ్రష్షుతో మట్టి దులిపి, బనియన్ వేస్ట్‌తో తుడవండి. రింగు పానా గానీ సాకెట్ గానీ వాడండి. మూతి తెరిచి ఉన్న పానా జారితే నట్టు అంచులు అరుగుతాయి, మీ వేళ్ల చర్మం లేస్తుంది. వెల్లకిలా పడుకుని చూస్తే కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపించి కొందరు విప్పబోయి బిగించేస్తారు. నట్టు తలను మీ ముఖానికి ఎదురుగా ఊహించుకోండి, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పండి.

పానాతో వదులు చేశాక పానా పక్కన పెట్టేయండి. నైట్రైల్ గ్లౌజు వేసుకున్న చేత్తో తిప్పండి. తిప్పుతున్నంతసేపూ నట్టును లోపలికి నొక్కి పట్టుకోవాలి. మర చివరిదాకా వచ్చిందని వేళ్లకు తెలుస్తుంది, నట్టు వదులుగా కదులుతుంది. అయినా నొక్కి పట్టుకున్నంతసేపు ఒక్క చుక్క రాదు. అప్పుడు ఒక్క క్షణం ఆగి, ట్రే సరిగా ఉందో లేదో చూసుకుని, మోచెయ్యి కిందికి వేలాడకుండా పక్కకు పెట్టి, నట్టును ఒక్కసారిగా పక్కకు లాగేయండి. చెయ్యి ధారకు అడ్డం రాకూడదు. మోచెయ్యి కింద ఉంటే ఆయిల్ మణికట్టు మీదుగా చంక దాకా వస్తుంది.

ట్రే ఎక్కడ పెట్టాలి అంటే, సరిగ్గా నట్టు కింద మాత్రం కాదు. నట్టు ఛాంబర్ పక్కకు తిరిగి ఉంటే నిండు బరువుతో వచ్చే మొదటి ధార ముందుకు దూకుతుంది. కాబట్టి ట్రేలో ఎక్కువ భాగం ధార దూకే వైపు ఉండాలి. నిమిషం తర్వాత ధార సన్నబడి వెనక్కి వస్తుంది, ఆఖరున ఛాంబర్ గోడనే పట్టుకుని పాకుతుంది. దానితో పాటు ట్రేని మెల్లగా వెనక్కి జరపాలి. బండి ఎత్తుగా ఉంది కాబట్టి ట్రే కింద రెండు ఇటుకలు పెట్టి లేపండి, దూరం తగ్గితే చిందడం తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం గాలి ఉంటే సన్నటి ధార పక్కకు ఊగి అట్టల మీద గీతలు గీస్తుంది. గాలి వచ్చే వైపు ఒక అట్ట నిలబెట్టండి, చాలు.

ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈలోగా నట్టు చూడండి, కొన్ని బళ్లకు దాని కొసకు అయస్కాంతం ఉంటుంది. మెత్తటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేలి మీద మెరిసే ముక్కలు, గీరుకునే పొరలు తగిలితే ఆ రోజే మంచి మెకానిక్‌కు చూపించండి. దిగిన ఆయిల్ కూడా చూడండి. నలుపు ఉంటే సరే. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లో కూలెంటో కలిసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్ వైపు వచ్చినప్పుడు మునిగిన బళ్ల గురించి మీకు తెలుసు. అలా మునిగిన బండిని స్టార్టు చేయకుండా ముందు ఆయిల్ దింపి చూడాలి. డీజిల్ వాసన గుప్పుమంటూ, ఆయిల్ కొలిచే గేజ్ పుల్ల మీద లెవెల్ పెరిగి కనపడితే ఇంధనం ఆయిల్లోకి దిగుతోంది. డీపీఎఫ్ ఉన్న బళ్లను ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులే తిప్పితే అలా జరుగుతుంది, మసి కాల్చుకునే పని మధ్యలో ఆగిపోతుంటుంది కాబట్టి.

నట్టు మళ్లీ బిగించేటప్పుడు కొత్త వాషర్ వేయండి. రాగి, అల్యూమినియం వాషర్లు ఒకసారి నలిగితే రెండోసారి సరిగా కూర్చోవు. చిన్న ఖరీదు, దాని దగ్గర పొదుపు వద్దు. మొదట చేత్తోనే మరల్లో కూర్చోబెట్టి, తర్వాత పానాతో బిగించండి, అదీ మాన్యువల్లో ఇచ్చిన టార్క్, అంటే బిగింపు బలం, వరకే. పానాకు గొట్టం తొడిగి బిగించే అలవాటు మానుకోండి. అల్యూమినియం ఛాంబర్ మరలు పోతే మొత్తం ఛాంబరే విప్పాల్సి వస్తుంది.

ఫిల్టర్ దగ్గర చాలామంది ఓపిక అయిపోతుంది. డబ్బా ఫిల్టర్ అయితే వదులు చేసేముందు దాని చుట్టూ ఒక మందపాటి పాలిథిన్ కవర్ తొడగండి. బెల్టు పానాతో కొంచెం కదిలించి, కవర్‌తో సహా చేత్తో తిప్పి విప్పితే లోపల ఉన్న ఆయిల్ అంతా ఆ కవర్లోకే పోతుంది. యాక్సిల్ మీదో, క్రాస్ మెంబర్ మీదో కారేలా ఉంటే వాటర్ బాటిల్‌ను నిలువునా చీల్చి దోనెలాగా పెట్టండి, ధార నేరుగా ట్రేలోకి వస్తుంది. స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పే పద్ధతి ఒకటుంది, నేను మా కుర్రాళ్లను చెయ్యనివ్వను. రేకు చిరుగుతుంది, ఫిల్టర్ కదలదు, ఆయిల్ మాత్రం చిమ్ముతుంది.

పాత ఫిల్టర్ చేతిలోకి రాగానే దాని రబ్బరు రింగు దానికే ఉందా లేదా చూడండి. దయచేసి ఇది మర్చిపోవద్దు. కొన్నిసార్లు ఆ రింగు ఇంజన్ వైపే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. స్టార్టు చేసిన కాసేపటికి ప్రెషర్‌కు పక్కకు తన్నుకుని ఆయిల్ అంతా నిమిషాల్లో రోడ్డు మీద ఉంటుంది, ఇంజన్ పట్టేస్తుంది. ఒక్క చూపుతో తప్పే నష్టం. కొత్త రింగుకు కొత్త ఆయిల్ వేలితో రాసి, చేత్తో తిప్పండి. రింగు ఆనిన దగ్గర నుంచి సుమారు ముప్పావు చుట్టు. ఎంత తిప్పాలో చాలా ఫిల్టర్ల డబ్బా మీదే బొమ్మతో ఉంటుంది. ఫిల్టర్ నిలువుగా కూర్చునే బండి అయితే, కంపెనీ వద్దని చెప్పకపోతే, బిగించే ముందు అందులో కొత్త ఆయిల్ పోయొచ్చు. పోసేది బయటి చిన్న రంధ్రాల్లోంచే. మధ్య రంధ్రంలో పోస్తే అది వడకట్టకుండానే బేరింగుల్లోకి పోతుంది. కాగితం ఫిల్టర్ మాత్రమే మార్చే మోడళ్లలో మూతకు ఉన్న రింగు కూడా మార్చాలి, అది కొత్త ఫిల్టర్‌తో పాటే వస్తుంది.

ఆయిల్ పోయడం తేలిక. క్యాన్ వంచేటప్పుడు మూతి కింది వైపు ఉంటే గాలి లోపలికి పోక గుడగుడమని ఎగదన్ని చిందుతుంది. క్యాన్‌ను తిప్పి మూతి పై అంచుకు వచ్చేలా పట్టుకుని వంచండి, గాలి పైనుంచి పోతూ ధార సన్నగా, సాఫీగా పడుతుంది. ఇంట్లో చేసి చూడండి, ఆ తేడా వెంటనే తెలుస్తుంది. పొడిగా తుడిచిన గరాటు పెట్టండి. చెప్పిన లెక్కకు అర లీటరు తక్కువ పోసి ఆగండి. మూత బిగించి స్టార్టు చేయండి, రేజ్ ఇవ్వొద్దు. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. నిమిషం నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి గేజ్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా కలపండి. పై గీత దాటకూడదు. ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటారు, అది ప్రమాదం. లోపల తిరిగే క్రాంకు షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్‌కు ప్రెషర్ నిలవదు. ఇంకా ముదిరితే ఇంజన్ లోపలి ఆవిరి పోయే బ్రీదర్ పైపు గుండా ఆయిల్ గాలి దారిలోకి పోతుంది, డీజిల్ ఇంజన్ దాన్నే తాగి, తాళం తీసినా ఆగకుండా అరుస్తుంది.

అయ్యాక ఛాంబర్, నట్టు చుట్టూ, ఫిల్టర్ కింద అంతా పొడి గుడ్డతో తుడవండి. రాత్రి బండి ఆపాక ఇంజన్ కింద తెల్లటి అట్ట ఒకటి వేసి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద పెన్నుతో గీయండి. తెల్లారి చుక్క ఉంటే ఎక్కడి నుంచి పడిందో ఆ గీతల్ని బట్టి తెలుస్తుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. ఘాటైన వాసన వస్తే గేరు ఆయిల్. ఆకుపచ్చో గులాబీ రంగో అయితే కూలెంట్. ఏ రంగూ లేని నీళ్లయితే ఏసీ ఉన్న బండికి అది మామూలే. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడి కనపడితే వెనక సీలు మీద కన్నేయండి. ఎప్పుడైనా లీకు వెతికేటప్పుడు తడి మొదలైన పై చోటు చూడాలి. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి కూడా పోతుంది.

చేతులు డీజిల్‌తోనో పెట్రోలుతోనో కడుక్కునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. మానేయండి. వాడిన ఆయిల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఉంటాయి, డీజిల్ చర్మం మీది నూనె తీసేసి వాటికి దారి ఇస్తుంది. గ్లౌజు వేసుకోండి. అయినా అంటితే కొంచెం కొబ్బరి నూనె పట్టించి రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. జిడ్డు గుడ్డ ప్యాంటు జేబులో పెట్టుకుని తిరగొద్దు, ఆ జేబు వెనక మీ తొడ చర్మం ఉంది.

పాత ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన క్యాన్లలోకే గరాటుతో వంపండి. ఇక్కడొక సంగతి. నేను చూసిన మరకల్లో ఎక్కువ భాగం నట్టు విప్పేటప్పుడు పడినవి కావు, నిండు ట్రేని ఎత్తబోయి పడినవి. ట్రేని ఎత్తకండి. ఫ్లెక్సీ మీదే మెల్లగా బయటికి జరిపి, అక్కడే చిన్న మగ్గుతో సగం తోడేసి, అప్పుడు ఎత్తి వంపండి. ఫిల్టర్‌ను తలకిందులుగా పెట్టి రాత్రంతా వడవనివ్వండి. ఆ క్యాన్లో బ్రేక్ ఆయిల్, కూలెంట్, డీజిల్, నీళ్లు ఏవీ కలపొద్దు. కలిసిన ఆయిల్‌ను శుద్ధి చేయడం కష్టం, తీసుకునేవాళ్లు కూడా వద్దంటారు. శుభ్రంగా దాచిన పాత ఆయిల్ నుంచి మళ్లీ కొత్త ఆయిల్ తయారీకి పనికొచ్చే బేస్ ఆయిల్ తీస్తారు, వృథా పోదు.

ఇక అడగండి.

(ఒక డ్రైవర్: అన్నా, మార్చిన మర్నాడే నల్లగా అయిపోయింది. డూప్లికేట్ ఆయిల్ అంటగట్టారా?)

లేదు తమ్ముడూ, ఆ ఒక్క గుర్తుతో అలా అనుకోవద్దు. డీజిల్ ఇంజన్లో ఎంత దింపినా మూలల్లో కొంత పాత ఆయిల్ ఉండిపోతుంది, పైగా మసిని తనలో పట్టి ఉంచడమే ఆయిల్ పని. నల్లబడిందంటే ఆ పని చేస్తోందన్నమాట. డూప్లికేట్ భయం ఉంటే బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొను, మూత సీలు చూసుకో. ఖాళీ డబ్బాలు అమ్మేసేటప్పుడు మూతి కోసి అమ్ము, దాన్లో ఇంకెవరూ నింపకుండా.

(ఒక యజమానురాలు: మాది అపార్టుమెంటు అండి. సెల్లార్‌లో చేస్తే గొడవ చేస్తారు. గేజ్ గొట్టంలోంచి పంపుతో లాగే మిషన్ ఉందటగా?)

ఉందమ్మా. నేల పాడవదు, ఆ మాట నిజం. అడుగున కొంచెం మిగిలిపోతుంది, నట్టు అయస్కాంతం చూసే వీలు ఉండదు. ఒకసారి దానితో చేస్తే ఇంకోసారి కింద నుంచి దింపించండి. సెల్లార్‌లో చేయాల్సి వస్తే తలుపులు తెరిచి ఉంచి, ఇంజన్ వేడి చేయడం మాత్రం బయట చేసుకుని రండి. పొగ అక్కడ ఉండిపోతుంది.

(మరొకరు: పాత ఆయిల్ మా వీధికొచ్చి కొంటారు. సెంట్రింగ్ రేకులకు రాస్తామంటారు. ఇవ్వొచ్చా?)

ఇవ్వకండి బాబాయ్. రేకులకు రాసింది సిమెంటుకు అంటుతుంది, మట్టిలోకి పోతుంది, రాసే కూలీ చేతులకు గ్లౌజులు ఉండవు. ఇంకొంత ఎక్కడో బట్టీల్లో కాల్చేస్తారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ అనుమతి ఉన్న రీసైక్లర్‌కే పోవాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే కంపెనీల మీద కూడా దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత పెట్టారు. ఒక్కొక్కరి దగ్గర ఐదారు లీటర్లే అయితే ఎవరూ రారు. మీ స్టాండులో పది మంది కలిసి ఒక డ్రమ్ము పెట్టుకోండి, నీడన, మూత బిగించి, కింద ఒక ట్రే వేసి. అది నిండాక అనుమతి కాగితం చూపించే రీసైక్లర్‌ను పిలిపించండి, లేదా మీ కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగండి.

(వెనక నుంచి ఒకరు: అన్నా, నట్టు దగ్గర చెమ్మ వస్తోంది. ఇంకొంచెం బిగించనా?)

వద్దు. చెమ్మ ఆగేదాకా బిగిస్తూ పోతే మర పోతుంది. వాషర్ పాతదే వేసి ఉంటారు, లేకపోతే పాత వాషర్ అక్కడే అతుక్కుని ఉంటే దాని మీద కొత్తది పడి ఉంటుంది. ఈసారి ఆయిల్ దింపినప్పుడు ఛాంబర్ ముఖం గోరుతో తడిమి చూడండి, రింగు తగిలితే తీసేయండి. అప్పటిదాకా రోజూ తుడిచి అట్ట వేయండి, ఉదయం గేజ్ చూసుకోండి. చెమ్మ చుక్కగా మారితే మాత్రం ఆలస్యం చేయకుండా బండి తీసుకుని రండి.